రహదారి ఘటనల నిర్వహణలో స్మార్ట్‌ఫోను అనువర్తనాలు

రహదారిపై జరిగే ప్రమాదాలు, వాహనాలు చెడిపోయి ఆగిపోవడం, చెట్లు కూలడం, సరుకు దారిపై పడిపోవడం వంటి అనుకోని ఘటనలను త్వరగా గుర్తించి, బాధితులకు సహాయం అందించి, అడ్డంకిని తొలగించి, రాకపోకలను యథాస్థితికి తెచ్చే పనులన్నింటినీ కలిపి రహదారి ఘటనల నిర్వహణ అంటారు. ఈ పనులకు తోడ్పడే స్మార్ట్‌ఫోను అనువర్తనాలు 2010 తరువాతి కాలంలో అనేక దేశాలలో వాడుకలోకి వచ్చాయి. వీటినే వాడుకలో యాప్‌లు అంటారు. ప్రయాణికులు తాము చూసిన ఘటనను తెలిపే అనువర్తనాలు, ఢీకొన్న తాకిడిని తానే గుర్తించి సహాయ కేంద్రానికి ఫోను చేసే సదుపాయాలు, పోలీసులు ఘటనాస్థలం నుండే వివరాలు నమోదు చేసే అనువర్తనాలు ఇందులో ముఖ్యమైనవి.

భారత ప్రభుత్వ రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు, 4,43,366 మంది గాయపడ్డారు. అంటే సగటున గంటకు 19 మంది రోడ్డుపై ప్రాణాలు కోల్పోయారు. ప్రమాదం జరిగిన క్షణానికీ, ఆ సంగతి సహాయం చేయగలవారికి తెలిసే క్షణానికీ మధ్య గడిచే కాలాన్ని తగ్గించడమే ఈ అనువర్తనాల ప్రధాన ప్రయోజనం. ఆ తరువాత జరగవలసిన పని మాత్రం అంబులెన్సు, క్రేను, పోలీసు, ఆసుపత్రి వంటి వ్యవస్థల మీదనే ఆధారపడి ఉంటుంది.

ఘటన - నిర్వచనం

రోజూ ఉదయం, సాయంత్రం వేళల్లో ఒకే కూడలి వద్ద ఏర్పడే రద్దీని ఘటనగా పరిగణించరు. అది ముందుగా ఊహించదగినది. ముందు తెలియకుండా జరిగి, రహదారి సామర్థ్యాన్ని తగ్గించేదాన్ని మాత్రమే ఘటన అంటారు. అమెరికా ఫెడరల్ హైవే సంస్థ అంచనా ప్రకారం ఆ దేశంలో రహదారి రద్దీలో సుమారు 25 శాతానికి ఇటువంటి ఘటనలే కారణం.

రాకపోకలపై పడే ప్రభావ కాలాన్ని బట్టి అమెరికాలో ఘటనలను మూడు తరగతులుగా విభజించారు.

* చిన్న ఘటన: 30 నిమిషాల లోపు ముగిసేది.
* మధ్యస్థ ఘటన: 30 నిమిషాల నుండి 2 గంటల వరకు సాగేది.
* పెద్ద ఘటన: 2 గంటలకు మించి సాగేది.

ఘటన వలన తగ్గే సామర్థ్యం, మూతపడిన వరుసల సంఖ్యకు సమానమైన నిష్పత్తిలో ఉండదు. ఒక దిశలో మూడు వరుసలున్న రహదారిపై ఒక వరుస మూతపడితే మూడవ వంతు సామర్థ్యమే తగ్గాలని అనిపిస్తుంది. కాని అమెరికా రహదారి సామర్థ్య కరదీపిక ప్రకారం అది సుమారు సగానికి పడిపోతుంది. రెండు వరుసలు మూతపడితే మిగిలేది 17 శాతం మాత్రమే. ఏ వరుసా మూతపడకుండా, ప్రమాదానికి గురైన వాహనం రోడ్డు అంచున నిలిచి ఉన్నా 17 శాతం సామర్థ్యం తగ్గుతుంది. పక్కనుండి వెళ్ళేవారు వేగం తగ్గించి వింతగా చూస్తూ వెళ్ళడం ఇందుకు ఒక కారణం.

ఇలా ఏర్పడిన వాహనాల బారు చివర, వేగంగా వచ్చే మరో వాహనం వెనుకనుండి ఢీకొనే ప్రమాదం ఉంటుంది. దీనిని ద్వితీయ ప్రమాదం అంటారు. ఘటనాస్థలంలో పనిచేసే పోలీసులు, అంబులెన్సు సిబ్బంది, సహాయం చేయడానికి దిగిన ప్రయాణికులు ఇటువంటి ప్రమాదాలకు బలి అవుతుంటారు. కనుక ఘటనను త్వరగా తొలగించడం కేవలం ప్రయాణ సమయానికి సంబంధించిన విషయం కాదు.

నిర్వహణలోని దశలు

ఘటనల నిర్వహణను సాధారణంగా ఈ క్రింది దశలుగా వివరిస్తారు.

* గుర్తింపు: ఘటన జరిగినట్లు తెలియడం.
* నిర్ధారణ: అది నిజమేనా, ఎక్కడ, ఏ దిశలో, ఎంత తీవ్రమైనది అని తేల్చుకోవడం.
* స్పందన: తగిన సిబ్బందిని, వాహనాలను పంపడం.
* స్థల నిర్వహణ: బాధితులను కాపాడడం, సిబ్బందికి రక్షణ కల్పించడం, వాహనాలను దారి మళ్ళించడం.
* తొలగింపు: వాహనాలను, శిథిలాలను రోడ్డుపై నుండి తీసివేయడం.
* పునరుద్ధరణ: రాకపోకలు మామూలు స్థితికి రావడం.

వీటన్నింటితో పాటు ప్రయాణికులకు సమాచారం ఇవ్వడం మొదటి నుండి చివరి వరకు సాగుతుంది. పై దశలలో మొదటి రెండింటికి, ప్రయాణికుల సమాచారానికి, ఆ తరువాత జరిగే నమోదుకు స్మార్ట్‌ఫోను ఎక్కువగా ఉపయోగపడుతుంది. స్పందన, తొలగింపు దశలలో దాని పాత్ర పరిమితం.

చరిత్ర

మొబైలు ఫోన్లు రాకముందు రహదారి ఘటనలను గస్తీ వాహనాలు, రోడ్డు పక్కన అమర్చిన అత్యవసర టెలిఫోను పెట్టెలు, రోడ్డు ఉపరితలం క్రింద పరచిన తీగ చుట్టల ద్వారా గుర్తించేవారు. తరువాత కెమెరాలు వచ్చాయి. ఇవన్నీ ఖర్చుతో కూడినవి కావడం వలన పెద్ద నగరాలకు, ముఖ్య రహదారులకు పరిమితమయ్యాయి.

1990వ దశకంలో మొబైలు ఫోన్లు వ్యాపించడంతో ఘటన గురించి తెలియడం సులభమైంది, కాని కొత్త ఇబ్బంది వచ్చింది. ఇంటి టెలిఫోను నుండి పిలుపు వస్తే చిరునామా తెలిసేది. మొబైలు నుండి పిలుపు వస్తే పిలిచిన వ్యక్తి చెప్పేదే ఆధారం. తెలియని రహదారిపై ప్రయాణించే వ్యక్తికి తానెక్కడ ఉన్నాడో తరచుగా తెలియదు. సెల్ టవరు ఆధారంగా లెక్కకట్టిన స్థానంలో వందల మీటర్ల నుండి కొన్ని కిలోమీటర్ల వరకు తేడా ఉండవచ్చు.

ఉపగ్రహ స్థాన నిర్దేశక వ్యవస్థ గల స్మార్ట్‌ఫోన్లు 2008 తరువాత విరివిగా అమ్మకానికి రావడంతో ఈ పరిస్థితి మారింది. ఇజ్రాయెల్‌లో 2006లో స్వచ్ఛందంగా మొదలైన ఒక పటాల ప్రాజెక్టు, 2008లో సంస్థగా ఏర్పడి వేజ్ అనే అనువర్తనంగా రూపొందింది. ప్రయాణికులే ప్రమాదాలు, అడ్డంకులు, గుంతల వివరాలు ఇతరులకు తెలపడం దీని ప్రత్యేకత. 2013 జూన్‌లో గూగుల్ సంస్థ దీనిని కొనుగోలు చేసింది. 2014 అక్టోబరులో వేజ్ సంస్థ నగర పాలక సంస్థలు, రవాణా శాఖలతో సమాచార మార్పిడి పథకాన్ని మొదలుపెట్టింది. ఈ పథకంలో ప్రభుత్వ సంస్థలు రోడ్డు మూసివేతలు, మరమ్మతు పనుల వివరాలను ఇస్తాయి. వేజ్ తన వినియోగదారులు తెలిపిన ఘటనల వివరాలను వారి పేర్లు లేకుండా ఇస్తుంది. ప్రమాదాలు, అడ్డంకులను తెలిపే సదుపాయం 2019లో గూగుల్ మ్యాప్స్‌లో కూడా విస్తరించింది.

రకాలు

ప్రయాణికుల నివేదికలు

ఈ రకం అనువర్తనాలలో ప్రయాణికుడు తెరపై ఒక గుర్తును నొక్కి ఘటన రకాన్ని తెలుపుతాడు. స్థానం, సమయం, ప్రయాణ దిశ ఫోను నుండే చేరతాయి. ఒకే ప్రమాదాన్ని పదిమంది తెలిపినప్పుడు స్థానం, సమయం దగ్గరగా ఉన్నవాటిని కలిపి ఒకే ఘటనగా లెక్కించాలి. తరువాత అటుగా వచ్చే ఇతర ప్రయాణికులను ఆ ఘటన ఇంకా ఉన్నదా లేదా అని అడిగి నిర్ధారించుకుంటారు. ఎవరూ నిర్ధారించని నివేదిక కొంతసేపటికి పటం నుండి తొలగిపోతుంది. గతంలో సరైన నివేదికలు ఇచ్చినవారి మాటకు ఎక్కువ విలువ ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

ఎవరూ ఏమీ తెలపకపోయినా, పటం వాడుతున్న ఫోన్ల కదలికను బట్టి ఆ దారిలో వేగం ఎంత ఉన్నదో అంచనా వేయవచ్చు. వేగం హఠాత్తుగా పడిపోతే అక్కడ ఏదో జరిగిందని అర్థం. అయితే అది ప్రమాదమా, ఊరేగింపా, లేక రైల్వే గేటు పడిందా అన్నది వేగం చెప్పదు. మనిషి ఇచ్చే నివేదికకు విలువ అక్కడే ఉన్నది.

స్వయంచాలక గుర్తింపు

ప్రమాదంలో స్పృహ తప్పిన వ్యక్తి ఫోను చేయలేడు. రాత్రివేళ నిర్మానుష్యమైన దారిలో ప్రమాదం జరిగితే చూసి చెప్పేవారూ ఉండరు. ఇటువంటి సందర్భాల కోసం తాకిడిని ఫోనే గుర్తించే సదుపాయాలను రూపొందించారు. గూగుల్ సంస్థ తన పిక్సెల్ ఫోన్లలో 2019లో అమెరికాలో దీనిని ప్రవేశపెట్టింది. ఆపిల్ సంస్థ 2022 సెప్టెంబరులో ఐఫోన్ 14తోను, అదే సమయంలో విడుదలైన చేతి గడియారాలతోను ఈ సదుపాయాన్ని ఇచ్చింది.

ఆపిల్ ఫోనులో వేగంలో వచ్చే హఠాత్తు మార్పు, దిశ మార్పు, గాలి సంచులు తెరుచుకున్నప్పుడు కారు లోపల మారే గాలి పీడనం, పెద్ద శబ్దం - వీటన్నింటినీ కలిపి చూసి తాకిడి జరిగిందా అని నిర్ణయిస్తారు. తాకిడి అని తేలితే తెరపై హెచ్చరిక కనిపిస్తుంది. వినియోగదారుడు స్పందించకపోతే సుమారు 20 సెకన్ల తరువాత ఫోను తానే అత్యవసర కేంద్రాన్ని పిలిచి, అక్షాంశ రేఖాంశాలను మాటల రూపంలో వినిపిస్తుంది.

ఈ సదుపాయాన్ని ప్రధానంగా కార్ల కోసం రూపొందించారు. భారతదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. కనుక సహాయం అత్యవసరమైన వారిలో అధిక భాగానికి ఇది నేరుగా ఉపయోగపడదు.

ఐరోపా సమాఖ్యలో ఫోనుపై ఆధారపడకుండా, వాహనంలోనే అమర్చే ఈకాల్ అనే పరికరాన్ని 2018 మార్చి 31 నుండి కొత్త నమూనా కార్లకు తప్పనిసరి చేశారు. తాకిడి జరిగిన వెంటనే ఇది 112 సంఖ్యకు పిలుపునిచ్చి వాహనం ఉన్న స్థానాన్ని పంపుతుంది.

పిలుపుతో పాటు స్థానం పంపడం

అత్యవసర సంఖ్యను పిలిచినపుడు ఫోను తన స్థానాన్ని తానే లెక్కించి సహాయ కేంద్రానికి పంపే పద్ధతిని బ్రిటన్‌లో 2014లో మొదట అమలు చేశారు. దీనికి ప్రత్యేకంగా ఏ అనువర్తనమూ దింపుకోనవసరం లేదు. 2016లో ఆండ్రాయిడ్ ఫోన్లలోను, 2018లో ఐఫోన్లలోను ఇటువంటి ఏర్పాటు వచ్చింది. ఐరోపా సమాఖ్యలో 2022 మార్చి నుండి అమ్మే స్మార్ట్‌ఫోన్లన్నింటిలో ఇది తప్పనిసరి. భారతదేశంలో ఆండ్రాయిడ్ ఫోన్ల స్థాన సేవను 112తో అనుసంధానించే పని 2025 డిసెంబరులో ఉత్తర ప్రదేశ్‌తో ప్రారంభమైంది.

సిబ్బంది వాడే అనువర్తనాలు

నియంత్రణ కేంద్రం నుండి అంబులెన్సుకు దారి చూపడం, దగ్గరలో ఉన్న వాహనాన్ని ఎంపిక చేయడం, ఘటనాస్థలం ఛాయాచిత్రాలను పంపడం వంటి పనులకు వేరే అనువర్తనాలు ఉన్నాయి. బ్రిటన్‌లో రూపొందిన గుడ్‌శామ్ వ్యవస్థలో, సహాయ కేంద్రం పిలిచిన వ్యక్తి ఫోనుకు ఒక సందేశం పంపుతుంది. అతడు అందులోని లంకెను నొక్కితే ఘటనాస్థలం దృశ్యం కేంద్రంలోని వైద్య సిబ్బందికి ప్రత్యక్షంగా కనిపిస్తుంది. వైద్యుడిని పంపాలా, సాధారణ అంబులెన్సు చాలునా అన్నది చూసి నిర్ణయించుకోవచ్చు.

స్థాన నిర్ణయంలో మెలకువలు

తెరపిగా ఉన్న చోట స్మార్ట్‌ఫోను కొద్ది మీటర్ల తేడాతో స్థానాన్ని చూపగలదు. ఎత్తైన భవనాల మధ్య, వంతెనల క్రింద, సొరంగాలలో ఈ తేడా పెరుగుతుంది. మధ్యలో విభాగిని గల రహదారులపై కొద్ది మీటర్ల తేడా కూడా ముఖ్యమే. ప్రమాదం ఏ వైపు దారిలో జరిగిందో తెలియకపోతే అంబులెన్సు ఎదుటి దారిలో చేరి, తదుపరి మలుపు వరకు వెళ్ళి తిరిగి రావలసి ఉంటుంది. హైదరాబాదు చుట్టూ 158 కి.మీ. పొడవున ఉన్న బాహ్య వలయ రహదారి వంటి, నిర్ణీత స్థలాలలో మాత్రమే ఎక్కి దిగగల రహదారులపై ఈ పొరపాటు విలువైన నిమిషాలను హరిస్తుంది. అందువలన అనువర్తనాలు స్థానంతో పాటు, ఫోను అంతకుముందు ఏ దిశలో కదులుతున్నదో కూడా నమోదు చేస్తాయి. పైవంతెన మీదనా, క్రిందనా అన్న విషయంలోనూ ఇదే చిక్కు ఉన్నది. కనుక ఫోను చూపే బిందువుతో పాటు కిలోమీటరు రాయి, దగ్గరలోని ఊరు, ఏ ఊరి వైపు వెళ్ళే దారి అన్న వివరాలను సహాయ కేంద్రాలు ఇప్పటికీ అడుగుతాయి.

భారతదేశంలో

అత్యవసర సంఖ్యలు, అనువర్తనాలు

తెలుగు నాట అత్యవసర వైద్య సహాయానికి 108 సంఖ్య సుపరిచితం. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై, తరువాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. స్మార్ట్‌ఫోన్లు రాకముందే మొదలైన ఈ సేవలో గుడి, బడి, పెట్రోలు బంకు వంటి గుర్తుల ఆధారంగా స్థలాన్ని తెలుసుకునేవారు.

పోలీసు, అగ్నిమాపక, వైద్య సేవలన్నింటికీ ఒకే సంఖ్యగా 112ను 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌తో మొదలుపెట్టి ఇతర రాష్ట్రాలలో అమలులోకి తెచ్చారు. దీనికి అనుబంధంగా 112 ఇండియా అనే అనువర్తనం ఉంది. స్మార్ట్‌ఫోను పవర్ మీటను మూడుసార్లు వెంటవెంటనే నొక్కినా, సాధారణ ఫోనులో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకున్నా పిలుపు వెళ్ళే ఏర్పాటు చేశారు.

జాతీయ రహదారులపై సహాయం కోసం 1033 సంఖ్యను, సుఖద్ యాత్ర అనే అనువర్తనాన్ని 2018 మార్చిలో ప్రారంభించారు. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ 2023 ఆగస్టులో రాజ్‌మార్గ్‌యాత్ర అనే మరో అనువర్తనాన్ని విడుదల చేసింది. రహదారిపై లోపాలను స్థానం తెలిపే ఛాయాచిత్రాలతో, వీడియోలతో ఫిర్యాదు చేసే వీలు ఇందులో ఉంది. బెంగుళూరు ట్రాఫిక్ పోలీసులు 2024లో అస్త్రం అనే వ్యవస్థను, దాని అనువర్తనాన్ని వాడుకలోకి తెచ్చారు.

ఐరాడ్, ఈడార్

సమగ్ర రోడ్డు ప్రమాదాల సమాచార నిధిని సంక్షిప్తంగా ఐరాడ్ అంటారు. ఇది రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ చేపట్టిన పథకం. దీనిని మద్రాసు ఐ.ఐ.టి. రూపొందించగా, జాతీయ సమాచార కేంద్రం అమలు చేస్తున్నది. ప్రపంచ బ్యాంకు ఆర్థిక సహాయం అందించింది. 2021లో మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తర ప్రదేశ్, కర్ణాటక, మధ్య ప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలలో మొదలై, తరువాత ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణతో సహా దేశమంతటికీ విస్తరించింది.

ఘటనాస్థలానికి వెళ్ళిన పోలీసు అధికారి తన ఫోనులోని అనువర్తనంలో స్థానం, ఛాయాచిత్రాలు, వాహనాల సంఖ్యలు, గాయపడినవారి వివరాలు నమోదు చేస్తాడు. ఆ ప్రమాదానికి ఒక విశిష్ట సంఖ్య కేటాయించబడుతుంది. వాహనం, చోదకుడి వివరాలను వాహన్, సారథి సమాచార నిధుల నుండి పొందవచ్చు. తరువాత అదే సంఖ్యపై రవాణా శాఖ అధికారి వాహన తనిఖీ వివరాలను, రహదారి ఇంజనీరు రోడ్డు స్థితిగతులను, ఆసుపత్రి వైద్య వివరాలను చేరుస్తారు.

ఇంతకు పూర్వం ప్రమాద స్థలం ప్రాథమిక సమాచార నివేదికలో "ఫలానా ఊరి శివారున" అన్న రీతిలో మాత్రమే ఉండేది. దాని ఆధారంగా ఏ మలుపు వద్ద తరచు ప్రమాదాలు జరుగుతున్నాయో తేల్చడం కష్టం. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల భాగంలో మూడు సంవత్సరాలలో మరణం లేక తీవ్ర గాయాలు కలిగిన 5 ప్రమాదాలు జరిగినా, లేదా 10 మరణాలు సంభవించినా దానిని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. ప్రతి ప్రమాదానికి అక్షాంశ రేఖాంశాలు నమోదైతే ఇటువంటి స్థలాలను పటంపై నేరుగా చూడవచ్చు. అంటే ఒక ప్రమాదం వద్ద చేసిన నమోదు, అదే చోట జరగబోయే మరో ప్రమాదాన్ని నివారించడానికి పనికివస్తుంది.

ఐరాడ్‌కు అనుబంధంగా వచ్చిన ఈడార్, నష్టపరిహారం కేసులకు అవసరమైన సవివర ప్రమాద నివేదికకు సంబంధించినది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం పోలీసులు మొదటి ప్రమాద నివేదికను 48 గంటలలోను, మధ్యంతర నివేదికను 50 రోజులలోను, సవివర నివేదికను 90 రోజులలోను మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునలుకు సమర్పించాలి. ఇంటిపెద్దను కోల్పోయిన కుటుంబానికి ఈ గడువులు ఎంతో ముఖ్యమైనవి. 2025 మే నుండి అమలులోకి వచ్చిన నగదు రహిత చికిత్సా పథకం కూడా ఈడార్‌తో అనుసంధానమై ఉంది. దీని క్రింద ప్రమాద బాధితునికి ఏడు రోజుల వరకు, రూ. 1.5 లక్షల మేరకు చికిత్స లభిస్తుంది.

చట్టపరమైన రక్షణ

కళ్ళెదుట ప్రమాదం జరిగినా పోలీసుల విచారణకు, కోర్టుల చుట్టూ తిరగడానికి భయపడి చాలామంది ముందుకు రారు. ఈ భయం ఉన్నంతవరకు ఎంత మంచి అనువర్తనమైనా జేబులోనే ఉండిపోతుంది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సహాయం చేసినవారి రక్షణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలకు చట్టబద్ధత కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఎ సెక్షను చేర్చబడింది. దీని ప్రకారం సద్భావంతో సహాయం చేసిన వ్యక్తిపై బాధితుని గాయం లేక మరణం విషయమై సివిలు, క్రిమినలు చర్యలు తీసుకోరాదు. తన పేరు, చిరునామా చెప్పమని అతడిని బలవంతం చేయరాదు. గాయం తగిలిన తరువాతి మొదటి గంటను అదే సవరణ స్వర్ణ ఘడియగా నిర్వచించింది. బాధితులను ఆ గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి ఇచ్చే బహుమతి 2021లో రూ. 5,000 కాగా, 2025లో దానిని రూ. 25,000కు పెంచారు.

ఇతర దేశాల అనుభవాలు

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వేజ్ నివేదికలను రాష్ట్ర రవాణా నియంత్రణ కేంద్రం రికార్డులతో పోల్చి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. కేంద్రం నమోదు చేసిన ప్రమాదాలు, రద్దీ ఘటనలలో సుమారు 43 శాతం వేజ్‌లో కూడా కనిపించాయి. వాహనాల వేగాన్ని బట్టి గుర్తించే పద్ధతి కంటే వేజ్ నివేదికలు సగటున దాదాపు 10 నిమిషాలు ముందుగా వచ్చాయి. కేంద్రం దృష్టికి రాని ఘటనలు కూడా వేజ్‌లో ఉన్నాయి. అనగా ప్రయాణికుల నివేదికలు కెమెరాలకు, గస్తీకి తోడు మాత్రమే కాగలవు, వాటికి బదులు కాలేవు.

కెన్యా రాజధాని నైరోబీలో కెమెరాలు, నియంత్రణ కేంద్రాలు తక్కువ. అక్కడ 2012లో మొదలైన మా-త్రీ-రూట్ అనే సేవ ద్వారా ప్రయాణికులు రోడ్ల పరిస్థితిని ఒకరికొకరు తెలుపుకునేవారు. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఈ సందేశాల నుండి దాదాపు 33 వేల ప్రమాద నివేదికలను పటంపై గుర్తించారు. అధికారిక రికార్డులు సరిగా లేని నగరంలో ప్రమాదకర స్థలాలను కనుగొనడానికి ఇది ఒక ఆధారంగా నిలిచింది.

పరిమితులు, విమర్శలు

* చోదకుని ఏకాగ్రత: ఘటనను తెలపడానికి ఫోనును చేతిలోకి తీసుకున్న చోదకుడు తానే మరో ప్రమాదానికి కారణం కావచ్చు. భారతదేశంలో వాహనం నడుపుతూ చేతిలో ఫోను వాడడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను క్రింద ప్రమాదకరమైన చోదనగా పరిగణించబడుతుంది. దారి తెలుసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెదరకుండా వాడేందుకు నియమాలు అనుమతిస్తాయి.
* తప్పుడు హెచ్చరికలు: 2022-23 శీతాకాలంలో అమెరికాలో మంచుపై జారే క్రీడాకారుల ఫోన్ల నుండి, అంతకుముందు వినోద ఉద్యానాలలోని రోలర్ కోస్టర్లపై ఎక్కినవారి ఫోన్ల నుండి అత్యవసర కేంద్రాలకు అనవసరపు పిలుపులు వెళ్ళాయి. ప్రతి పిలుపునూ పరిశీలించవలసి రావడం సిబ్బందికి భారమైంది.
* మోసపూరిత సమాచారం: 2014లో ఇజ్రాయెల్ విద్యార్థులు వేజ్‌లో లేని రద్దీని సృష్టించి చూపారు. 2020లో బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 ఫోన్లను చిన్న బండిలో పెట్టుకుని నడుస్తూ, ఖాళీ వీధిని గూగుల్ పటంలో రద్దీ వీధిగా కనిపించేలా చేశాడు.
* దారి మళ్ళింపు: ప్రధాన రహదారిపై ఘటన జరిగినపుడు అనువర్తనాలు వాహనాలను నివాస వీధులలోకి మళ్ళిస్తాయి. దీనితో విసిగిన అమెరికాలోని లియోనియా పట్టణం 2018 జనవరిలో రద్దీ వేళల్లో తన వీధులను స్థానికులు కానివారికి మూసివేసింది. 2017 డిసెంబరులో లాస్ ఏంజలెస్ కార్చిచ్చు సమయంలో కొన్ని అనువర్తనాలు ఖాళీగా ఉన్న దారులను సూచించాయి. అవి మంటల కారణంగా ఖాళీ అయిన దారులు. వాటిని వాడవద్దని పోలీసులు ప్రకటించవలసి వచ్చింది.
* అసమానత: నివేదికలు నగరాల నుండి, పగటివేళ ఎక్కువగా వస్తాయి. పల్లె దారులలో, ఘాట్ రోడ్లలో, సిగ్నలు అందని అటవీ ప్రాంతాలలో తక్కువ. నివేదికలు రాలేదంటే ఘటనలు జరగలేదని అర్థం కాదు. వాటి లెక్కను బట్టి మాత్రమే అంబులెన్సులను కేటాయిస్తే ఆ ప్రాంతాలకు అన్యాయం జరుగుతుంది.
* గోప్యత: ఒక వ్యక్తి ఎప్పుడు ఎక్కడ ఉన్నాడన్నది వ్యక్తిగత సమాచారం. భారతదేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేయబడింది. బాధితుల ముఖాలు కనిపించే చిత్రాలను అధికారులకు కాక ఇతరులకు పంపడం కూడా గోప్యతకు భంగకరమే.
* అనేక అనువర్తనాలు: ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క అనువర్తనం ఉండడం వలన ఆపదలో ఏది వాడాలో తెలియని పరిస్థితి ఏర్పడుతుంది. ఒక అనువర్తనంలో చేరిన నివేదిక నియంత్రణ కేంద్రం తెరపై కనిపించకపోతే దానివలన బాధితునికి ప్రయోజనం లేదు.

వినియోగంలో జాగ్రత్తలు

* పటంపై ప్రమాదం గుర్తు పెట్టడం ఇతర ప్రయాణికులకు హెచ్చరిక మాత్రమే. దానివలన అంబులెన్సు రాదు. గాయపడినవారు ఉంటే ముందుగా 108 లేక 112కు ఫోను చేయాలి.
* వాహనం నడుపుతున్నవారు కాక, పక్కన కూర్చున్నవారు నివేదిక ఇవ్వడం క్షేమం. ఒంటరిగా ఉంటే సురక్షితమైన చోట ఆపిన తరువాతనే ఫోను వాడాలి.
* ఏ దిశలో వెళ్ళే దారి, దగ్గరి కిలోమీటరు రాయి, గాయపడినవారి సంఖ్య, ఎవరైనా వాహనంలో ఇరుక్కున్నారా, ఇంధనం కారుతున్నదా అన్న వివరాలు తెలపాలి.
* ఫోనులో అత్యవసర సమయంలో సంప్రదించవలసిన వారి పేర్లు, రక్తపు గ్రూపు ముందుగా నమోదు చేసి ఉంచితే, తాళం తీయకుండానే ఇతరులు చూడగల వీలు చాలా ఫోన్లలో ఉంది.
* పొరపాటున పిలుపు వెళ్ళినపుడు వెంటనే పెట్టివేయకుండా, పొరపాటని సహాయ కేంద్రానికి చెప్పాలి.

ఇవి కూడా చూడండి

* రోడ్డు ప్రమాదం
* 108 అత్యవసర సేవ
* స్మార్ట్‌ఫోను
* మోటారు వాహనాల చట్టం
* హైదరాబాదు బాహ్య వలయ రహదారి